ఇన్వర్‌కార్గిల్‌లో నా అమెరికా కొట్టు

నా చేతుల మీదుగా చలికాలంలో చచ్చిపోయిన కుటుంబాలకు లెక్క లేదు. టీచర్లు పోయారు, పాల రైతులు పోయారు. డునెడిన్ నుంచి బస్సు కట్టించుకుని వచ్చిన డెంటల్ స్టూడెంట్లయితే ఒక్క మధ్యాహ్నంలో మూకుమ్మడిగా పోయారు. అందరూ నవ్వుతూనే పోయి, కార్లెక్కి, దారిలో చిప్స్ కొనుక్కుని ఇళ్ళకు చేరారు. ఒక్క డోరీన్ చావే నన్ను పీడించింది. ఆవిడ మా ఊళ్ళో ఒక్క చలికాలమైనా దాటి చూపించకపోతే, సొంత పొలమూ సొంత ఇల్లూ వదులుకుని దేశానికి ఆ చివరనున్న ఆక్లండ్‌కి పోవలసి వచ్చేది.

ఆ సంగతి చెప్పాలనే ఇది మొదలుపెట్టాను. దారిలో ఉద్యోగం గురించి కూడా చెబుతాను. ఎందుకంటే ఈమధ్య పాలిటెక్నిక్‌లో చదివే మన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "అంకుల్, మీ పాత జాబ్ ఖాళీ అయిందంట కదా, అప్లై చెయ్యొచ్చా?" అని అడిగి వెళ్ళారు. చెయ్యండి నాయనా, తప్పకుండా చెయ్యండి. కానీ అందులో ఏముందో తెలుసుకుని చెయ్యండి. ప్రమోషన్ల గురించి నేనేమీ రాయను, వర్తకుడి పైన మా ఊళ్ళో జడ్జి ఒక్కడే ఉన్నాడు, ఆ కుర్చీ ఓనరుది.

ఎక్స్‌పీరియన్స్ లేని ఉద్యోగం

మాది ప్రొద్దుటూరు. నాన్నది చిల్లర కొట్టు. నేను బీకాం చదివి, హైదరాబాదులో నాలుగు కంప్యూటర్ కోర్సులు చేసి, ముప్పై దాటాక నా భార్య సుజాతతో ఇన్వర్‌కార్గిల్ వచ్చి ఒక డిప్లొమా చేశాను. ఆ తరువాత ఎక్కడ ఇంటర్వ్యూకి పోయినా ఒకటే ప్రశ్న, "న్యూజిలాండ్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అని. ఉద్యోగమిస్తే కదా ఎక్స్‌పీరియన్స్ వచ్చేది అంటే, చక్కగా నవ్వి, చెయ్యి కలిపి, తలుపు దాకా వచ్చి సాగనంపేవారు. ఇక్కడివాళ్ళు లేదని చెప్పడంలో కూడా ఎంత మర్యాదంటే, ఇల్లు చేరేదాకా ఉద్యోగం వచ్చిందనే అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే వారెన్ అనే ఆయన ఊరవతల తన గొర్రెల పొలం నడిమధ్యలో పాతకాలపు అమెరికా ఊరొకటి కట్టాడు. అమెరికాలో జనం ఎడ్లబళ్ళు కట్టుకుని పడమటి అడవుల్లోకి పోయి, దుంగలతో గుడిసెలు వేసుకుని, చలికీ ఆకలికీ ఎదురొడ్డి బతికిన రోజుల నాటి సరిహద్దు ఊరు. వారెన్ ఎన్నడూ అమెరికా పోలేదు. ఎందుకు కట్టావయ్యా అంటే, "గొర్రెలను చూసి చూసి విసుగొచ్చింది" అనేవాడు. అందులో గుర్రపు లాయం, కమ్మరి కొలిమి, చిన్న జైలు, వీటన్నిటికీ నడుమ హైరమ్ అనే వర్తకుడి కొట్టు ఉండేవి. హైరమ్ వేషానికి మనిషి కావాలని మా వీధి డెయిరీ కిటికీకి కాగితం అంటించారు. డెయిరీ అంటే పాల కేంద్రం కాదు, ఇక్కడ చిల్లర కొట్టును అలా అంటారు.

ఇంటర్వ్యూలో వారెన్ నన్ను తేరిపార చూసి, "అమెరికా సరిహద్దులో పనిచేసిన ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను, లేచి నిలబడుతూ. చెయ్యి కలపడం ఇక అలవాటైపోయింది.

"కూర్చో మేట్. ఇక్కడ ఎవడికీ లేదు. సోమవారం వచ్చెయ్" అన్నాడు.

ఈ దేశంలో అందరితో సమానంగా నన్ను నిలబెట్టిన మొదటి ప్రశ్న అదే. అందుకే ఆయన ఎంత చాదస్తపు మనిషైనా చివరిదాకా నాకు ఆయన మీద గౌరవం పోలేదు.

సోమవారం పొద్దున్నే నక్కతోలు టోపీ, తోలు కోటు, చెవులకు తగిలించుకునే ఎర్రగడ్డం పెట్టుకుని బయల్దేరుతుంటే సుజాత గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏందండీ ఇది? యాడికి పోతాండారు ఇట్ల?"

"ఆఫీసుకు."

"మా నాయన ఫోన్ జేస్తే ఏమని చెప్పల్ల?"

"ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ అని చెప్పు" అన్నాను. ఇప్పటికీ మా మామగారి ఊళ్ళో నేను ఇంపోర్ట్ ఎక్స్‌పోర్టే.

పనంటే ఇదీ

గేటు దగ్గర టికెట్టుతో పాటు ఒక్కో కుటుంబానికి ఒక కట్ట తోళ్ళు ఇస్తారు. కథ ప్రకారం అవి అడవిలో బోను వేసి పట్టిన బీవర్లనే నీటి జంతువుల తోళ్ళు. నిజానికి అవి పాసమ్ తోళ్ళు. పాసమ్ ఇక్కడ చెట్లన్నీ తినేసే పీడ జంతువు కాబట్టి దానికోసం ఎవరూ కంటతడి పెట్టరు. వేల చేతులు మారి సగం తోళ్ళకు బొచ్చు ఊడిపోయింది. ఆ బోడి తోళ్ళు తెచ్చి నా కౌంటరు మీద పెట్టి పిండి, ఉప్పు, చిక్కుడు గింజలు, తుపాకీ మందు, దుప్పట్లు తీసుకోవాలి. రేటు నేను చెబుతాను. బేరమాడవచ్చని గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంటుంది.

సాయంత్రం వారెన్ నల్లకోటు వేసుకుని నా కొట్లోనే జడ్జి కుర్చీలో కూర్చుంటాడు. "ఎంతమంది?" అని అడుగుతాడు. సంచి తూకం వేస్తాడు. అంతమందికి ఆ సరుకు ఎన్నాళ్ళు వస్తుందో చూసి తీర్పు చెబుతాడు. అమెరికాలో చలికాలం నవంబరు నుంచి మార్చి దాకా గనక, "మీరు జనవరిలో పోయారు" అనో, "ఫిబ్రవరి మొదట్లో పోయారు, పిల్లవాడు ముందు" అనో అంటాడు. ఇక్కడ ఫిబ్రవరి అంటే నడివేసవి. ఐస్‌క్రీమ్ నాకుతూ, ఎండకు ముక్కులు కందిపోయిన పిల్లలు తాము గడ్డకట్టి చచ్చిపోయామని విని చప్పట్లు కొట్టేవారు.

మధ్యాహ్నం వర్తకుడు అందరి ముందూ భోజనం చెయ్యాలి. హైరమ్ తినేది ఎండబెట్టిన జింక మాంసం. నేనేమో కోడిగుడ్డు పెంకు కూడా ముట్టని ఇంట్లో పుట్టాను. రెండు రోజులు ఆలోచించి, సుజాత ఎండబెట్టిన వంకాయ ఒరుగులు వేయించి పట్టుకుపోయాను. ముదురు రంగులో, ముడతలు పడి, నమిలితే సాగుతూ అవి అచ్చం ఎండు మాంసంలాగే ఉన్నాయి. ఒక అమెరికా టూరిస్టు ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "మా తాతయ్య ఇదే చేసేవాడు" అన్నాడు. వాళ్ళ తాతది ఏ ఊరో నేనడగలేదు.

ఆయనే నా యాస విని, "హైరమ్, నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు?" అన్నాడు.

"తూర్పు నుంచి" అన్నాను.

"తూర్పంటే ఎక్కడ?"

"బాగా తూర్పు."

ఆయన తృప్తిగా తలూపాడు. పిల్లలూ, యాస గురించి భయపడకండి. ఆ కాలపు మనుషులు ఎలా మాట్లాడేవారో విన్నవాడెవడూ ఇవాళ బతికి లేడు.

కొసరు

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఇది మనవాళ్ళు తప్ప వేరెవరూ చెయ్యలేని తప్పు.

మా నాన్న కొట్లో ఏ సరుకు తూచినా, ముల్లు నిలబడ్డాక, ఇంకో పిడికెడు తీసి సంచిలో పడేసేవాడు. దాన్నే కొసరు అంటాం. కొసరు వెయ్యకుండా పొట్లం కడితే ఆ మనిషి మళ్ళీ మన గడప తొక్కడని ఆయన నమ్మకం. చిన్నప్పటి నుంచి ఆ తక్కెడ పక్కనే పెరిగిన నా చెయ్యి, అమెరికా సరిహద్దుకు వచ్చినా, తన పని తాను చేసుకుపోయింది. పిండి తూచి ఒక పిడికెడు, గింజలు తూచి ఒక దోసెడు, పసిపిల్ల కనబడితే బెల్లంముక్క. నేను వేస్తున్నట్టు నాకే తెలియదు.

కొన్ని వారాలకు వారెన్ కొట్లోకి వచ్చి తలుపు మూశాడు. ఆయన ఇంగ్లీషును నాకు వినబడ్డ తెలుగులో రాస్తున్నాను.

"హైరమ్, ఒక సమస్య వచ్చింది."

"చెప్పండి."

"నువ్వొచ్చాక ఒక్కరూ చావడం లేదు."

మా వంశంలో ఎవరూ ఆ మాట పడలేదు.

"అందరూ మార్చి దాటేస్తున్నారు. నిన్న ఒక ఫ్యామిలీ మే నెల దాకా లాక్కొచ్చింది. సంచుల్లో ఇంకా పిండి మిగిలింది! ఇంటర్నెట్‌లో ఏం రాస్తున్నారో చూశావా? 'అందరం బతికాం. నిరాశ కలిగింది' అని. ఇట్లాగైతే ఇది సరిహద్దు కాదు మేట్, సూపర్‌మార్కెట్."

ఆయన మధ్యాహ్నమంతా నా పక్కన నిలబడి చూసి, చివరికి నా మణికట్టు గాల్లో ఉండగా పట్టుకున్నాడు. "ఇదేమిటి?"

"కొసరు" అన్నాను. దాని గురించి నాకు చేతనైనంత చెప్పాను.

ఆయన శ్రద్ధగా విని, "మంచి ఆచారం. మానెయ్" అన్నాడు.

మానడానికి నాకు చలికాలమంతా పట్టింది. చివరికి తూచేటప్పుడు ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టుకునేవాణ్ణి. మా నాన్న ఫొటో ముందు దీపం పెట్టేటప్పుడు ఆయన ముఖం చూడబుద్ధయ్యేది కాదు. కానీ ఉద్యోగం ఉద్యోగమే. కాఠిన్యం నేర్చుకున్నాను. రేటు పెంచి చెప్పడం, ఎదుటివాడి తోలు పైకెత్తి వెలుతురులో చూసి పెదవి విరవడం, దుప్పటి అడిగితే ఇదే ఆఖరిదని బొంకడం. ఏడాది తిరిగేసరికి సీజన్‌లో సగం మంది వసంతం ముఖం చూడకుండా పోతున్నారు. వారెన్ సంతోషించి నాకు కొత్త గడ్డం కొనిపెట్టాడు.

ఇక్కడ నా అభిప్రాయం కూడా చెప్పనివ్వండి. ఆ కాలపు వర్తకుణ్ణి వీరుడని కొందరంటారు, జలగ అని కొందరంటారు. ఆ వేషంలో ఇన్నేళ్ళు నిలబడ్డవాడిగా నాకు తోచింది ఏమిటంటే, కనుచూపు మేరలో ఒకే కొట్టు ఉన్నప్పుడు ఎంత మంచివాడైనా నెమ్మదిగా చెడిపోతాడు. ఉప్పు వాడి దగ్గరే ఉంది. ఊళ్ళో రెండో కొట్టు ఉండి ఉంటే హైరమ్ పెద్దమనిషి అయ్యేవాడేమో.

డోరీన్

నేను రిటైరవడానికి కొంతకాలం ముందు, ఒక శనివారం, డెబ్భై దాటిన ఒకావిడ ఒంటరిగా కొట్లోకి వచ్చింది. రబ్బరు బూట్లు, మగవాళ్ళ స్వెట్టరు, కరచాలనం చేస్తే వేళ్ళు నలిగేంత పట్టు. పేరు డోరీన్. రివర్టన్ దారిలో ఆవిడకు చిన్న పొలం ఉంది. భర్త కెన్ అంతకుముందు ఏడు చనిపోయాడు. ఒక్కడే కొడుకు గ్రాంట్, ఆక్లండ్‌లో బోటనీ డౌన్స్‌లో ఉంటాడు. అక్కడ పెద్ద మాల్ పక్కనే తల్లి కోసం యూనిట్ అనే చిన్న వాటా ఇల్లొకటి చూసిపెట్టాడు.

ఆవిడ పోనంది. ఫోన్‌లో మాటా మాటా పెరిగింది. "ఈ చలికాలం నువ్వొక్కదానివే పొలంలో గడపలేవమ్మా. అంతెందుకు, వారెన్ బొమ్మలూళ్ళో కూడా నువ్వు చలికాలం దాటలేవు" అన్నాడు కొడుకు.

"దాటితే?" అంది ఆవిడ.

"దాటితే ఇంకెప్పుడూ ఆ యూనిట్ మాటెత్తను. జూన్ నెల వెళ్ళేలోగా దాటి చూపించు. లేకపోతే ఇల్లు అమ్మకానికి పెడదాం."

అతను ఎగతాళికి అన్నాడు. ఆవిడ నిజంగా తీసుకుంది. ఈ దక్షిణాది రైతులతో హాస్యమాడకూడదు, నోటి నుంచి మాట వస్తే అది దస్తావేజుతో సమానం. తరువాతి శనివారమే సీనియర్ సిటిజన్ టికెట్టు కొనుక్కుని సరిహద్దులో దిగింది.

దిగింది, చచ్చిపోయింది. మరుసటి శనివారమూ అంతే. ఎందుకంటే ఆవిడ సగం తోళ్ళు పెట్టి రెండు దుప్పట్లూ, ఒక పొగాకు కట్టా కొనేది. మిగిలినదాంతో పిండీ గింజలూ ఎంతొస్తాయి? సాయంత్రం వారెన్ "ఎంతమంది?" అంటే, "ఒక్కదాన్నే" అనేది. ఆయన సంచి తూచి, ఆ రెండో దుప్పటి వంకా పొగాకు వంకా చూసి, గొంతు సవరించుకుని, "జనవరి, డోరీన్" అనేవాడు. ఆవిడ "సరే" అని బూట్లు దులుపుకుని వెళ్ళిపోయేది.

పొగాకెందుకండీ అని నేనొకసారి అడిగాను. "ఇంట్లో ఉండాలి" అంది. అంతే. పోయిన మనిషికి ఇంకా వాటా తీస్తోందని నాకర్థమైంది. ఇంటికొచ్చి సుజాతకు చెబితే ఆమె కళ్ళు తుడుచుకుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈసారి తెలిసే, కావాలనే, రేటు తగ్గించి చెప్పాను. ఆవిడ కళ్ళు చిట్లించి, "నా ముందు వచ్చినవాళ్ళకు ఎంత చెప్పావు?" అంది. చెప్పాను. "నాకూ అంతే చెప్పు" అని అదనపు పిండి తిరిగి నా డబ్బాలో పోసింది. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అనలేదు.

"మరి బేరమైనా ఆడండి. అది రూల్స్‌లోనే ఉంది" అన్నాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. నేనేదో బట్టలు విప్పమన్నట్టు చూసింది. "నీ సరుకు, నీ రేటు. కాదనడానికి నేనెవర్ని?"

వంటింట్లో పాఠాలు

మా సుజాత వృద్ధులుండే రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్. ఆమె సంగతంతా విని, "ఆంటీని ఒకసారి ఇంటికి పిల్చకరాండి" అంది. "మా హోమ్‌కి ఓడిపోయి వచ్చినోళ్ళను చూస్తాండా కదా. అన్నం తింటారు, మాట్లాడతారు, కానీ మనిషి మాత్రం యాడనో ఉంటాది. ఈమెను ఆ మాదిరి పోనీకూడదు."

ఆదివారం డోరీన్ మా ఇంటికి వచ్చింది. సుజాత వంటింటి బల్ల మీద బియ్యం డబ్బా, కందిపప్పు డబ్బా పెట్టి తను కొట్టువాడైంది. సుజాత ఇంగ్లీషు కూడా ప్రొద్దుటూరు యాసలోనే ఉంటుంది కాబట్టి ఇలాగే రాస్తున్నాను.

"మొదటి పాఠం ఆంటీ. ఏం సరుకు చూపించినా బాగలేదనల్ల. ఈ బియ్యంలో పురుగుండాది అనండి."

డోరీన్ డబ్బాలోకి వంగి చూసింది. "పురుగు లేదే."

"లేకపోయినా అనల్ల."

"అది అబద్ధం కదా?"

"బేరంలో అబద్ధమేంది ఆంటీ, అది మర్యాద. అనకపోతేనే కొట్టోడికి బాధ, ఈమెకు మన సరుకు మీద ధ్యాసే లేదే అనుకుంటాడు."

ఆవిడ చాలాసేపు తంటాలు పడింది. చివరికి, "ఈ బియ్యంలో పురుగు ఉండి ఉండవచ్చు, కానీ నాకు కనబడటం లేదు, బహుశా నా అద్దాల లోపం" అంది. సుజాత నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"సరే, రెండో పాఠం. రేటు కుదరకపోతే, వద్దు అనేసి ఎనక్కి తిరిగి పోవల్ల. అప్పుడు కొట్టోడే పిలుస్తాడు."

డోరీన్ బుద్ధిగా తలూపింది. సుజాత రేటు చెప్పింది. డోరీన్ "వద్దు" అని, వెనక్కి తిరిగి, నడవా దాటి, తలుపు తీసుకుని వెళ్ళింది. సుజాత మురిసిపోతూ, "రాండి ఆంటీ, మీ మాటే కానీండి" అని పిలిచింది. జవాబు లేదు. బయట కారు స్టార్టయిన చప్పుడు వినబడింది. చెప్పులు కూడా వేసుకోకుండా సుజాత రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆవిడ కారు అప్పటికే మలుపు తిరిగిపోయింది.

మర్నాడు ఫోన్ చేస్తే, "వద్దని చెప్పి మళ్ళీ రావడం ఏం మర్యాద?" అంది.

నేర్పిన వాటిలో ఆవిడకు ఒంటబట్టింది ఒకే ఒక్క తెలుగు మాట. "సరిగ్గా చెప్పు." దీనిలో అబద్ధం లేదు కాబట్టి నచ్చిందట. తరువాతి శనివారం కౌంటరు మీద అరచెయ్యి వేసి, "సరిగా చెపూ, హైరమ్" అంది. పక్కనున్న వారెన్ అది ఫ్రెంచి వేటగాళ్ళ పాత మాట అనుకుని మురిసిపోయాడు. అయినా ఆ రోజు కూడా ఆవిడ ఫిబ్రవరిలో పోయింది. కొంత మెరుగే, కానీ చావు చావే.

ఆ శనివారం

జూన్ ఆఖరి శనివారం గ్రాంట్ విమానమెక్కి వచ్చాడు. పొడుగ్గా, పల్చగా, ఆక్లండ్ కోటులో వణుకుతూ, చేతులు కట్టుకుని నా కొట్లో ఒక మూల నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడేం కాదు. తల్లి ఒంటరిగా ఎక్కడైనా జారిపడితే ఎవరు చూస్తారన్న భయం ముఖంలో కనబడుతూనే ఉంది. ఫోన్‌లో ఆ ఇంటిని అమ్మిపెట్టే ఏజెంటు నంబరు కూడా సిద్ధంగా ఉంచుకున్నాడని డోరీనే చెప్పింది. వారెన్ తన నల్లకోటు ముందే వేసుకుని వచ్చేశాడు. సుజాత సెలవు పెట్టి మరీ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. బయట మంచు గట్టిగా పడి, పచ్చికంతా ఉప్పు చల్లినట్టుంది.

డోరీన్ తోళ్ళ కట్ట కౌంటరు మీద పెట్టింది. ఆ తరువాత వెళ్ళి, కారు వెనక నుంచి ఒక గోనెసంచి భుజాన వేసుకుని వచ్చి ధబేలుమని దింపింది. మూతి విప్పింది. నిండా స్వీడ్ దుంపలు. చలికాలంలో ఈ ప్రాంతంలో మనుషులూ గొర్రెలూ కూడా తినే పసుపు గుజ్జు దుంప. ఒక్కొక్కటి మనిషి తలకాయంత ఉంది, ఇంకా మట్టి ఆరలేదు.

"ఇదేమిటి?" అన్నాను.

"నేను సెటిలర్ని కదా? సెటిలర్ అంటే పొలం ఉంటుంది, పొలమంటే పంట ఉంటుంది. మీ హైరమ్ పంట కొనడా?"

నేను వారెన్ వైపు చూశాను. ఇన్నేళ్ళలో ఇన్ని వేల మంది వచ్చారు. గేటు దగ్గర ఇచ్చిన బోడి తోళ్ళు తప్ప సొంతంగా ఏదైనా తెచ్చి అమ్మవచ్చని ఒక్కరికీ తట్టలేదు. వారెన్, "కొంటాడు. నిజంగా కొనేవాడు. అదే వాళ్ళ పని" అన్నాడు నెమ్మదిగా.

నేను వర్తకుణ్ణి. ఒక దుంప తీసి, వెలుతురులో తిప్పి, అలవాటుగా పెదవి విరిచాను. "మంచు దెబ్బ తగిలింది. పనికిరాదు."

అప్పుడు చూశాను డోరీన్‌ని. ఎదుటివాడి సరుకును తిట్టలేక వంటింట్లో చెమటలు పట్టిన మనిషి, తన సరుకును నేను తిట్టగానే నిటారుగా నిలబడింది.

"మంచు దెబ్బా? మంచు పడితేనే స్వీడ్‌కి తీపి. ఆ మాత్రం తెలియకుండా సౌత్‌లాండ్‌లో కొట్టు పెట్టావా? కత్తి ఇవ్వు." కోసి ఒక ముక్క నా గడ్డం పక్కకు తోసి నోట్లో పెట్టింది. నిజంగానే తియ్యగా ఉంది. "ఈ మట్టి నేను తవ్వాను. ఈ విత్తనం నేను చల్లాను. గొర్రెలకు అందకుండా వాన్లో కంచె నేను కట్టాను. ఇప్పుడు రేటు చెప్పు. సరిగా చెపూ!"

నేను చెప్పాను. ఆవిడ నవ్వింది. పెంచాను. సంచి మూతి కట్టడం మొదలుపెట్టింది. ఈసారి పోతే నిజంగానే పోతుందని నాకు తెలుసు కాబట్టి, ఇంకా పెంచాను. పిండి, ఉప్పు, చిక్కుళ్ళు, తుపాకీ మందు, అన్నీ వచ్చి ఆవిడ వైపు చేరాయి. చివరన ఎప్పటిలాగే రెండు దుప్పట్లూ, పొగాకూ. నేను ఒక్క గింజ కూడా దయతలచి ఇవ్వలేదు. అట్లా నన్ను ఎవరూ ఎన్నడూ ఓడించలేదు. కొట్టువాడి కొడుకుగా చెబుతున్నాను, ఆ ఓటమి ఎంత హాయిగా ఉందో.

వారెన్ జడ్జి కుర్చీ ఎక్కాడు. "ఎంతమంది?"

"ఇద్దరం" అంది డోరీన్.

ఒక్కరి లెక్కకైతే ఆవిడ చలికాలం దాటినట్టే. ఇద్దరి లెక్కకైతే ఏమవుతుందో తూస్తేగానీ తెలియదు. గ్రాంట్ ముందుకొచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. "అమ్మా. నాన్న లేడు."

"మీ నాన్న పోయాడని నాకు నువ్వు చెప్పాలా?" అంది ఆవిడ. "మీ నాన్న ఊసు ఇక్కడ ఎవరెత్తారు?"

"మరి ఆ దుప్పటి? ఆ పొగాకు?"

"మీ నాన్న జన్మలో పొగ తాగాడా? మన ఇంట్లో షెడ్డు వెనక్కి పోయి తాగేదెవరు? మానేశానని నువ్వు చెబుతావు, నమ్మినట్టు నేనుంటాను. ఆ దుప్పటి నీది. పొద్దున విమానంలో వస్తావు, సాయంత్రానికి ఇల్లు చల్లగా ఉందని వెళ్ళిపోతావు. ఒక్క రాత్రి ఉంటావేమోనని తీసి పెట్టాను."

నేనూ సుజాతా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్ని వారాలు పోయినవాడి కోసం కన్నీళ్ళు పెట్టుకున్నాం. ఆవిడ ప్రతి శనివారం చచ్చిపోయింది బతికున్నవాడి కోసం.

గ్రాంట్ కోటు చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. వారెన్ ఇద్దరి లెక్కన తూచాడు. ముల్లు నిలబడేదాకా వంగి చూశాడు. ప్రతి శనివారం డోరీన్‌ని చంపి చంపి ఆయనకు ఇంకో తీర్పు చెప్పే అలవాటు పోయినట్టుంది. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మార్చి ఆఖరు" అన్నాడు. "ఇద్దరూ బతికారు."

సుజాత గుమ్మం దగ్గర నుంచి ఈల వేసింది. మా పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమెకు ఈల వెయ్యడం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

కాసేపటికి గ్రాంట్ తన టికెట్టుకిచ్చిన తోళ్ళ కట్ట పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. "ఆగస్టులో గొర్రెలు ఈనే టైముకి సెలవు పెట్టి వస్తున్నాను. పదిరోజులు ఉంటాను. రెండు మందపాటి దుప్పట్లు కావాలి. ఎంత?"

నేను అలవాటు కొద్దీ రెట్టింపు చెప్పాను. అతను మారు మాట్లాడకుండా కట్ట మొత్తం నా ముందుకు తోశాడు.

వెనక నుంచి డోరీన్ చెయ్యి చటుక్కున వచ్చి ఆ తోళ్ళ మీద పడింది.

"అడిగినంతా ఇచ్చేస్తావా? ఇట్లాగైతే జనవరి కూడా చూడకుండా చచ్చిపోతావురా" అంది కొడుకుతో.